స్వామివారి 'ఊరేగింపు' అని రాయొచ్చా? ఆ మాట అర్థం, వాడుక

మీరు అడిగింది ఇదీ: మీ ఊరి రామాలయం ఉత్సవానికి కరపత్రం వేస్తున్నారు. 'స్వామివారి ఊరేగింపు' అని రాస్తే కమిటీలో ఒకాయన అది చిన్న మాట, దేవుడికి గౌరవంగా ఉండదు, 'శోభాయాత్ర' అని మార్చండి అన్నారు. ఊరేగింపు అంటే అసలు అర్థం ఏమిటి, ఏ సందర్భాల్లో వాడొచ్చు, రాజకీయ ర్యాలీకీ పెళ్ళికీ దేవుడికీ ఒకే మాట ఎలా సరిపోతుంది అని మీ సందేహం.

ముందు సూటిగా చెప్తాను. మార్చకండి. ఊరేగింపు చిన్న మాట కాదు. దేవుడి విషయంలో అంతకన్నా సరిగ్గా అమరే మాట తెలుగులో నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పత్రికా డెస్కుల్లో జిల్లా వార్తలు దిద్దాను. విజయనగరంలో మొదలుపెట్టి కరీంనగర్, హైదరాబాద్ తిరిగాను. సొంతూరు అహోబిలం దగ్గర. ఈ మాటనీ దాని చుట్టాలనీ ఒక్కో చోట ఒక్కో రకంగా విన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఊరు, ఏగు. ఈ రెండూ కలిస్తే ఊరేగు. బడిలో చదువుకున్న ఉత్వ సంధే, ఇంకేమీ కాదు. ఏగు అంటే వెళ్ళు. ఇప్పుడు మాటల్లో ఎవరూ వాడరు గానీ పాత పద్యాల్లో 'ఏగెను', 'ఏగుదెంచెను' అని అడుగడుగునా కనిపిస్తుంది. బ్రౌన్ నిఘంటువులో కూడా ఈ మాటను ఊరు, ఏగు అని విడదీసే చూపిస్తారు. అంటే ఊరేగడం అంటే ఊళ్ళోకి వెళ్ళడం, ఊరంతా తిరగడం. దాన్నుంచి ఊరేగించు, ఊరేగింపు వచ్చాయి. దేవుడు ఊరేగుతాడు, మనం ఊరేగిస్తాం. ఈ రెండు క్రియల తేడా గుర్తుంటే సగం తప్పులు పోతాయి. 'స్వామివారు ఊరేగించబడ్డారు' అని రాసిన కాపీలు నా చేతికి ఎన్నో వచ్చాయి. ఆ 'బడ్డారు' కొట్టేసి 'స్వామివారు ఊరేగారు' అని రాస్తే చాలు, వాక్యం నిలబడుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ మాటలో నడిచే జనం లేరు. బాజాలు లేవు, దివిటీలు లేవు. ఉన్నవి రెండే, ఊరు, ఆ ఊరి వీధుల్లోకి వెళ్తున్న ఒకరు. అందుకే మధ్యలో ఎవరో ఒకరు ఉండి, వాళ్ళను ఊరు చూడాలన్న ఉద్దేశం ఉన్న చోటల్లా ఈ మాట చక్కగా కుదురుతుంది. పల్లకీలో దేవుడు కావచ్చు, కారులో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కావచ్చు, ఎన్నికల్లో గెలిచి ఓపెన్ టాప్ జీపులో నిలబడ్డ సర్పంచ్ కావచ్చు. మధ్యలో ఎవరూ లేకుండా జనమే నడుస్తుంటే ఆ మాట కొంచెం వదులవుతుంది.

గుడి సంగతికి వస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గర్భగుడిలో మూలవిరాట్టు కదలడు. కదిలేది ఉత్సవమూర్తి. తిరుమలలో ఆయన మలయప్పస్వామి. బ్రహ్మోత్సవాల్లో పెద్దశేష వాహనంతో మొదలై హంస, సింహ, కల్పవృక్ష, గరుడ, హనుమంత అంటూ తొమ్మిది రోజులూ నాలుగు మాడ వీధుల్లో తిరుగుతాడు, చక్రస్నానంతో ఉత్సవం ముగుస్తుంది. ఆ రోజుల్లో ఏ తెలుగు పత్రిక తీసినా 'స్వామివారు మాడ వీధుల్లో ఊరేగుతూ భక్తులకు దర్శనమిచ్చారు' అనే వాక్యం ఏదో ఒక రూపంలో ఉంటుంది. తిరుమలేశుడికి తక్కువ కాని మాట మీ రామయ్యకు ఎలా తక్కువవుతుంది? మీ కమిటీ పెద్దమనిషికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి.

ఇంకా పాత సాక్ష్యం కావాలంటే అన్నమయ్య ఉన్నాడు. బ్రహ్మోత్సవ వాహనాలను రోజువారీగా చెప్పే పదంలో పల్లవి 'తిరువీధుల మెరసీ దేవదేవుడు' అని మొదలవుతుంది. తర్వాతి చరణంలో తొలినాడు తిరుదండెల మీద, అంటే స్వామిని మోసే దండెల మీద, 'ఏగీ' అంటాడు. ఏగీ అంటే వెళ్తున్నాడు, మెరసీ అంటే ప్రకాశిస్తున్నాడు. ఊరేగింపులోని ఏగు అక్కడుంది. మా సీమలో ఊరేగింపుకు వాడే మెరవణి అనే మాటకు మూలమైన మెరయడం కూడా అక్కడే ఉంది. ఐదు వందల ఏళ్ళ కిందటి ఒకే పాటలో రెండూ పక్కపక్కనే దొరికాయని గమనించిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మెరవణి గురించి రెండు మాటలు. మా ఇళ్ళల్లో 'ఊరేగింపు' అనేది పుస్తకం మాట, 'మెరవణి' ఇంటి మాట. 'రాత్రికి పెండ్లి మెరవణి ఉంది', 'సామి మెరవణి వస్తాంది, నీళ్ళు చల్లండి' అంటారు. పక్కనే ఉన్న కన్నడంలో ఇదే మెరవణిగె. ఊరేగింపు ఎక్కడ తిరుగుతుందో చెప్పే మాటైతే మెరవణి ఎలా తిరుగుతుందో చెప్పే మాట. రాయలసీమ వాళ్ళైతే కరపత్రంలో మెరవణి అనే వేసుకోండి, ఏ మొహమాటమూ అక్కర్లేదు. కోస్తాలో చాలాచోట్ల 'ఉత్సవం వస్తోంది' అంటే చాలు, స్వామి వీధిలోకి వస్తున్నాడనే అర్థం. గ్రామోత్సవం, నగరోత్సవం, తిరువీధి ఉత్సవం అని గుళ్ళ కార్యక్రమ పత్రాల్లో ఉండేదీ ఇదే.

ఊరేగింపు అనే మాట అక్షరాలా ఎలా ఉంటుందో చూడాలంటే అహోబిలం పారువేట చూడాలి. సంక్రాంతి వెళ్ళగానే కనుమ నాడు ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు ఒకే పల్లకీలో బయల్దేరతారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, అందులో తన కల్యాణం. ఆ పెళ్ళికి రమ్మని స్వామే స్వయంగా ఊరూరా తిరిగి పిలుస్తాడని మావాళ్ళ నమ్మకం. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతుంది ఆ పల్లకీ. దేవుణ్ణి చూడ్డానికి ఊళ్ళు కొండకు పోవడం కాదు, దేవుడే ఊరికి ఏగడం.

చిన్నప్పుడు మా ఊరికి ఆ పల్లకీ వచ్చే రోజు నాకు బాగా గుర్తుంది. పెళ్ళై వెళ్ళిన ఆడబిడ్డలంతా పుట్టింటికి వచ్చేవాళ్ళు. స్వామిని దించే అరుగును మేము 'తెలుపు' అంటాం. రెండు రోజుల ముందే దానికి సున్నం కొట్టేవాళ్ళు. పొలిమేరలో తప్పెట వినపడగానే పిల్లలం పరుగు. పల్లకీ బోయీలు ఎత్తు చూసుకుని జతలుగా నిలబడతారు. లేకపోతే బరువంతా పొట్టివాడి భుజం మీద పడుతుంది. భుజం మీద మడతపెట్టిన తువ్వాలు. పల్లకీ ఆగిన చోట దండె కింద కర్ర ఆనించి, ఆ రెండు నిమిషాలే ఊపిరి తీసుకునేవాళ్ళు. మా జేజికి, అంటే నాయనమ్మకు, అప్పటికే కాళ్ళు పడిపోయాయి. మంచాన్నే వాకిట్లోకి మోసుకొచ్చి పడుకోబెట్టారు. పల్లకీ మా గడప ముందు ఆగింది. మా అమ్మ బిందెడు నీళ్ళు బోయీల పాదాల మీద పోసి, టెంకాయ కొట్టింది. పూజారి ఒక తులసి ఆకు తెచ్చి జేజి అరచేతిలో పెట్టాడు. ఆమె పిడికిలి మూసుకుని సాయంత్రం దాకా తెరవలేదు. ఊరేగింపు అనే మాట డెస్కులో ఎప్పుడు దిద్దినా నాకు ఆ పిడికిలే గుర్తొచ్చేది.

గుడికి రాలేనివాళ్ళ దగ్గరికి దేవుడు రావడం. ఊరేగింపు ఎందుకు పుట్టిందని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు అదే.

అయితే ఈ మాటలోని 'ఊరు' దగ్గర ఒక బాధ కూడా ఉంది, దాన్ని దాచి రాయడం నాకు ఇష్టం లేదు. మనం ఊరూవాడా అంటాం. ఊరు వేరు, వాడ వేరు కాబట్టే ఆ జంట మాట పుట్టింది. మా ఊళ్ళోనే శ్రీరామనవమి పల్లకీ చివరి రావిచెట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగేది. పల్లకీ ముందు తప్పెట కొట్టేది మాత్రం ఆ చెట్టుకు అవతల ఉండే వాడవాళ్ళే. రాత్రంతా స్వామి ముందు నడిచిన మనిషి, తన ఇంటి ముందుకు స్వామి రాకుండానే ఇంటికి వెళ్ళేవాడు. నేను డిగ్రీలో ఉండగా ఆ వాడ కుర్రవాళ్ళు గట్టిగా అడిగారు. కొన్నాళ్ళు మాటామాటా పెరిగింది, ఒక ఏడాది ఉత్సవమే ఆగిపోయింది. మరుసటి ఏడాది పల్లకీ రావిచెట్టు దాటింది. ఆ రాత్రి వాడలో ప్రతి గుమ్మం ముందూ ముగ్గు ఉంది. ఊరేగింపు అనే మాటకు పూర్తి అర్థం మా ఊళ్ళో ఆ రోజే వచ్చిందని నేను అనుకుంటాను.

ఇక శోభాయాత్ర. సంస్కృతం మాటే, తప్పు మాట కాదు. కానీ ఉత్సవాల బ్యానర్ల మీదికి ఇది ఎక్కువగా హిందీ వాడుక నుంచి వచ్చి చేరింది. హైదరాబాద్‌లో శ్రీరామనవమికి ఇప్పుడు ఇదే పేరు స్థిరపడింది, అక్కడి వార్త రాసేటప్పుడు నేనూ అలాగే రాశాను. నా అభ్యంతరం యాత్ర అనే మాటతో. యాత్రకు ఒక గమ్యం ఉంటుంది, అక్కడికి చేరడమే దాని పని. కాశీయాత్ర, పాదయాత్ర, చివరికి అంతిమయాత్ర కూడా అంతే. గుడి ఊరేగింపుకు గమ్యం వేరే లేదు. ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వస్తుంది. మధ్యలో వచ్చే వీధులే దాని పని. మీ స్వామి గుడి నుంచి బయల్దేరి నాలుగు వీధులూ తిరిగి గుడికే వస్తాడు కదా, అది యాత్ర ఎలా అవుతుంది? వినాయక నిమజ్జనం సంగతి వేరు. ఆయన తిరిగి రాడు, చెరువుకే వెళ్తాడు కాబట్టి అక్కడ యాత్ర అన్నా బాగానే ఉంటుంది. మన జనం ఎంత ఒడుపుగా అంటారో చూడండి: 'వినాయకుణ్ణి ఊరేగించి నిమజ్జనం చేశారు' అంటారు. ముందు ఊరు చూపించారు, తర్వాత నీళ్ళకు తీసుకెళ్ళారు. రెండు పనులకూ రెండు మాటలు. పెళ్ళి ఊరేగింపు మాత్రం బయల్దేరిన చోటికే రావాలని లేదు, కాబట్టి ఈ తిరిగి రావడాన్ని గుడి వరకే చెప్తున్నాను. 'శోభాయాత్ర ఊరేగింపు' అని రెండూ కలిపి వేసిన ఫ్లెక్సీలు కూడా చూశాను, అది మాత్రం వద్దు.

శవాన్ని తీసుకెళ్ళడాన్ని మామూలుగా ఊరేగింపు అనరు. శవయాత్ర, అంతిమయాత్ర అంటారు. పెద్ద నాయకుడు పోయినప్పుడు 'పార్థివదేహాన్ని ఊరేగింపుగా తీసుకెళ్ళారు' అని పత్రికల్లో వస్తుంది. అక్కడ 'గా' చేరిందని గమనించండి. ఆ 'గా' చేరాక మాట అర్థం విశాలమవుతుంది, జనం వరుసగా కలిసి నడవడం అనే అర్థం వస్తుంది. 'రైతులు ఊరేగింపుగా వెళ్ళి కలెక్టరుకు వినతిపత్రం ఇచ్చారు' అన్నది మంచి తెలుగు. నిషేధాజ్ఞలు పెట్టినప్పుడు పోలీసులు 'సభలు, ఊరేగింపులు నిషేధం' అని ప్రకటిస్తారు కదా, రాజకీయ అర్థంలో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఇప్పుడు ఆ స్థలాన్ని చాలావరకు ర్యాలీ తీసేసుకుంది. ర్యాలీ తీశారు, ఊరేగింపు తీశారు, రెండింటికీ 'తీయడం' అనే క్రియే. నిరసనకైతే ప్రదర్శన అన్నది నాకు ఇష్టమైన మాట. కమ్యూనిస్టు పార్టీల వాళ్ళు ఊరూరా తిరిగే ప్రచారాన్ని జాతా అంటారు. పోలీసులదీ సైనికులదీ కవాతు.

మీ పెద్దమనిషికి ఈ మాట చిన్నదిగా ఎందుకు అనిపించిందో నాకు అర్థమైంది. 'గుండు గీసి, సున్నం బొట్లు పెట్టి, గాడిద మీద ఊరేగించారు' అనే వాక్యం మనందరి చెవుల్లో ఉంది. 'కొత్త బండి కొన్నాడు, ఇక ఊరంతా ఊరేగుతున్నాడు' అని ఎత్తిపొడుస్తాం. ఒకణ్ణి అతిగా పొగిడితే 'వాణ్ణి నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు' అంటాం. అవమానానికీ గౌరవానికీ ఒకే మాట ఎలా వచ్చిందంటే, రెండు చోట్లా జరిగేది ఊరంతటికీ చూపించడమే. పల్లకీ ఎక్కిస్తే గౌరవం, గాడిద ఎక్కిస్తే అవమానం. తేడా వాహనంలో ఉంది, మాటలో లేదు.

పెళ్ళిళ్ళ దగ్గర ఊరేగింపు పేర్లు మారిపోతాయి. పాతకాలంలో పల్లకీ, మేనా, తర్వాత గుర్రం కట్టిన సారట్టు, నా పెళ్ళినాటికి పూలు కట్టిన అంబాసిడర్ కారు, నెత్తిన పెట్రోమాక్స్ లైట్లు మోస్తూ పక్కన నడిచే ఆడవాళ్ళు. కరీంనగర్ వెళ్ళాక తెలిసింది, అక్కడ పెళ్ళయ్యాక రాత్రి తీసేది బరాత్. ఊరేగింపు అంటే అక్కడి యువకులు అర్థం చేసుకుంటారు గానీ వాళ్ళ నోట బరాతే వస్తుంది. మగపెళ్ళివారికి ఆడపెళ్ళివారు ఎదురెళ్ళి తీసుకొచ్చేది ఎదురుకోళ్ళు. ఇది ఊరేగింపు కాదు, దీన్ని కలిపేయకండి. భద్రాచలంలో సీతారామ కల్యాణానికి ముందు రోజు జరిగేది కూడా ఎదుర్కోలు ఉత్సవమే.

మరో జాగ్రత్త. మాట ఎంత మంచిదైనా ప్రతి జాతరకూ దాన్ని తగిలించకూడదు. విజయనగరంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో పైడితల్లి అమ్మవారి పండుగ వార్తకు 'వైభవంగా సిరిమాను ఊరేగింపు' అని శీర్షిక పెట్టాను. తెల్లారి టీ బడ్డీ దగ్గర ఒక ముసలాయన పేపరు మడిచి నా వైపు చూసి, 'సిరిమాను ఊరేగదు బాబూ, తిరుగుతాది' అన్నాడు. దసరా తర్వాతి మంగళవారం, మాను చివర పూజారి కూర్చుని, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తుండగా గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగడం. ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా 'సిరిమాను ఎన్నింటికి తిరుగుతాది' అనే అడుగుతారు. అప్పటినుంచి ఏ ఊరు వెళ్ళినా ముందు అక్కడివాళ్ళ క్రియ ఏమిటో విని తర్వాత రాయడం అలవాటు చేసుకున్నాను. మేడారంలో చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తే 'తల్లి వచ్చింది, గద్దెకెక్కింది' అంటారు. అక్కడ ఊరేగింపు అని రాస్తే ఆ రాక బరువంతా పోతుంది. మొహర్రంలో మా సీమ పల్లెల్లో 'పీర్లు లేచినాయి' అంటారు, హిందువులూ ముస్లింలూ కలిసి ఎత్తుకుంటారు. అది పీర్ల సవారి. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోటకు ప్రభలు బయల్దేరతాయి, ఆ కలయికను ప్రభల తీర్థం అంటారు. హైదరాబాద్ బోనాల్లో ఆడవాళ్ళు బోనం ఎత్తుకుని గుడికి పోవడం వేరు, ఘటం ఊరేగింపు వేరు. ఘటంలో ఉన్నది అమ్మవారు. ఆమె బస్తీ తిరుగుతుంది కాబట్టి అక్కడ ఊరేగింపు అనే మాట నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది.

మీ కరపత్రానికి నేనైతే ఇలా రాస్తాను: 'సాయంత్రం 6 గంటలకు శ్రీ సీతారామచంద్రస్వామివారు పల్లకీలో మేళతాళాలతో గ్రామ వీధుల్లో ఊరేగుతూ భక్తులకు దర్శనమిస్తారు.' శీర్షికలో 'స్వామివారి ఊరేగింపు' చాలు. 'అత్యంత వైభవోపేతంగా' లాంటివి అక్కర్లేదు. దాని కింద పల్లకీ ఏ వీధికి సుమారు ఎన్ని గంటలకు వస్తుందో వరుసగా వేయండి. గుడిదాకా రాలేని ముసలివాళ్ళు, బాలింతలు ఆ టైమ్ చూసుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ వరుసలో మీ ఊరి వాడల పేర్లన్నీ ఉన్నాయో లేదో ప్రెస్సుకు పంపే ముందు ఒకసారి సరిచూసుకోండి.